క్లౌ దొర లెక్క

ఈ సంచికకి ఎవరైనా ఒక పాత మనిషి జీవితం రాయమని క్లబ్ గ్రూపులో మెసేజ్ పెట్టినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అలాన్ ట్యూరింగ్. సీఎస్ఈ వాడికి ఇంకెవరు గుర్తొస్తారు? సగం పేజీ రాశాను కూడా. కానీ అదే వారం క్యాంటీన్‌లో ఒక చిన్న గొడవైంది. దాంతో ట్యూరింగ్ పక్కకి పోయి, పేరు కూడా సరిగ్గా పలకడం రాని ఒక దొర వచ్చి కూర్చున్నాడు. నాది ఇంగ్లీషు మీడియం తెలుగు, తప్పులుంటే సర్దుకోండి.

గొడవ ఏంటంటే, మా బ్యాచ్‌లో ఒకడు సరదాగానే, మీ తాతలకి ఎన్ని బస్తాల బియ్యం ఇచ్చార్రా అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆన్‌లైన్లో ఈ జోకు నాకు కొత్త కాదు. కానీ ఎదురుగా, నా ప్లేట్లో అన్నం ఉండగా అడగడం అదే మొదటిసారి. నేను నవ్వి ఊరుకోవాల్సింది. వాళ్ళ నాన్న ఉద్యోగం పోయిన సంగతి ఎత్తి ఒక మాట అన్నాను. ఆ సంగతి వాడు నన్ను నమ్మి చెప్పుకున్నది. వాడి మొహం మాడిపోయింది. నాకు మాత్రం ఒక పది నిమిషాలు చాలా హాయిగా అనిపించింది. అబద్ధం ఎందుకు, నిజంగానే హాయిగా అనిపించింది.

ఆ ఆదివారం కాప్రాలో మా చర్చిలో పాస్టర్‌గారు రోమా పత్రిక ఏడో అధ్యాయం తీశారు. పౌలు అంతటివాడు కూడా, మనసు ఒకటి కోరుకుంటుంటే ఒళ్ళు ఇంకొకటి చేస్తోందని మొత్తుకునే చోటు అది. అది నెలలో మొదటి ఆదివారం, అంటే ప్రభు భోజనం ఉంటుంది. ఎవరితోనైనా తగువుంటే ముందు సర్దుకుని రమ్మంటారు. గిన్నెల ట్రే నా దగ్గరికి వచ్చింది. తీసుకోకుండా పక్కవాళ్ళకి ఇచ్చేశాను. అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి చూసింది. చెరువు రోడ్డు మీదుగా ఇంటికి నడిచినంతసేపూ ఏమీ అడగలేదు.

నాయనమ్మ అడిగింది. అన్నాల దగ్గర అంతా చెప్పాను, మా వాడి నాన్న సంగతి తప్ప. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. మా తాతయ్య ఈసీఐఎల్‌లో ఉద్యోగం వచ్చి కాప్రా చేరుకున్నారు గానీ, మా వాళ్ళది ఒంగోలు వైపు, గుండ్లకమ్మ పక్కన పల్లె. నాయనమ్మ వాళ్ళ తాత తండ్రి కరువులో కాలవ మట్టి మోసి, ఆ మర్నాటి ఏడు ఏట్లో మునిగాడట. బియ్యం కోసం మునిగాడో దేవుడి కోసం మునిగాడో ఆయన్నే అడగాలి, నేను చూడలేదు కదా అంది. ఆయన్ని కాదుగానీ క్లౌ దొర గురించి కావాలంటే చదువుకో అంది. చదివాను.

జాన్ ఎవరెట్ క్లౌ. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ఆయన పేరు సరిగ్గా పలకడం కష్టం. మనవాళ్ళు క్లౌ అనేశారు, అదే స్థిరపడింది. ఒంగోల్లో ఇప్పటికీ ఆయన పేరుతో ఆసుపత్రి ఉంది. 1836 జూలై 16న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర పుట్టాడు. రైతు కుటుంబం. పడమటికి వలస పోతూ పోతూ అయోవా దాకా వెళ్ళారు. కుర్రాడిగా ఉన్నప్పుడు మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే బృందంలో చేరాడు. అడవుల్లో, బురదల్లో గొలుసులు పట్టుకుని భూమి కొలిచే పని. బాగా పట్టుబడి డిప్యూటీ సర్వేయర్ స్థాయికి వచ్చాడు. మన సివిల్ వాళ్ళు సంతోషించొచ్చు, ఈ కథలో హీరో మీవాడే. ఈ సర్వే పని తర్వాత ఎక్కడ అక్కరకొచ్చిందో చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది.

ఆయనకి మిషనరీ అవ్వాలని ఏ కోశానా లేదు. లాయరై, రాజకీయాల్లోకి పోయి పెద్దవాడు కావాలని కోరిక. దానికోసం డబ్బు దాచుకుని బర్లింగ్టన్‌లో కాలేజీలో చేరాడు. అక్కడ రూమ్మేట్ మహా భక్తిపరుడు. గదిలోనే ప్రార్థన చేసేవాడు. విసుగెత్తి క్లౌ గది మధ్యలో సుద్దముక్కతో గీత గీసి, నీ మతం నీ వైపు ఉంచుకో అని చెప్పాడని ఆయన కథ చెప్పేవాళ్ళందరూ చెబుతారు. హాస్టల్లో ఉన్నవాళ్ళకి ఈ గీత సంగతి వివరించక్కర్లేదు. కొన్నాళ్ళకి గీతకి ఇవతల ఉన్నవాడే మారిపోయాడు. లా పుస్తకాలు పక్కన పెట్టాడు.

కానీ మనిషి మారినా, పెద్దవాడు కావాలనే కోరిక అంత తేలిగ్గా పోతుందా? నాకు ఆయన జీవితమంతా ఈ ప్రశ్నే కనిపించింది.

1864 చివర్లో భార్య హారియెట్‌తో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరాడు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ పరిస్థితి ఎంత దీనంగా ఉందంటే, వాళ్ళ మ్యాపులో ఒంటరిగా ఉన్న చుక్క కాబట్టి దానికి ఒంటరి నక్షత్రం అని పేరు పెట్టుకున్నారు. ముప్ఫయ్యేళ్ళ దగ్గర పనిచేసినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. మూసేద్దామా అని బోర్డు ఒకటికి రెండుసార్లు ఆలోచించింది. లైమన్ జ్యూయెట్ అనే ముసలాయన మాత్రం మీరు మూసేసినా నేను అక్కడికే పోయి చస్తానని కూర్చున్నాడు. ఆ జ్యూయెట్ వెంటే క్లౌ వచ్చాడు. 1866 సెప్టెంబరులో ఒంగోలుకి మకాం మార్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలైంది.

ఇక్కడే ఆయనకి మొదటి పరీక్ష. ఒంగోల్లో బ్రాహ్మణ కుటుంబాలు ఆయన్ని బాగానే ఆదరించాయి. పిల్లల్ని బడికి పంపారు, ఇంటికొచ్చి మాట్లాడారు. పైకులాలు వస్తే కిందివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారని అప్పట్లో చాలామంది మిషనరీల లెక్క. పేరు రావాలన్నా, అమెరికాకి రాసే ఉత్తరాలు బాగుండాలన్నా అదే దారి. సరిగ్గా అప్పుడే పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలైంది.

వాళ్ళని తెచ్చింది ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు ఆయన ఊరు, తోళ్ళ వ్యాపారం. ఈయన గురించి వేరే వ్యాసమే రాయొచ్చు. దొరలెవరూ చెప్పకముందే దేవుణ్ణి వెతుక్కుంటూ రాజయోగం నేర్చుకున్నవాడు, గురువు దగ్గర కూర్చున్నవాడు. తోళ్ళ బేరానికి ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరు వైపు ఒక మిషనరీ ద్వారా కొత్త మాట విన్నాడు. 1866లో జ్యూయెట్ చేతుల మీదుగా భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. మళ్ళీ చెబుతున్నాను, 1866. కరువు ఇంకా పదేళ్ళ దూరంలో ఉంది. ఈ తేదీ చూసినప్పుడు నేను మంచం మీద లేచి కూర్చున్నాను. మా వాడికి పంపడానికి స్క్రీన్‌షాట్ కూడా తీశాను.

పల్లెల నుంచి వీళ్ళు రావడం చూసి ఒంగోలు పెద్దలు క్లౌకి సూటిగా చెప్పారు. వీళ్ళని చేర్చుకుంటే మేము రాము, పిల్లల్నీ మానిపిస్తాం. ఆయన ఏం జవాబు చెప్పాలో తెలియక గదిలోకి పోయాడు. పంచడానికి పెట్టిన కొత్త నిబంధనల్లో ఒకటి తీసి తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం వచ్చింది. గొప్పవాళ్ళని, తెలివైనవాళ్ళని కాక బలహీనుల్నీ లెక్కలో లేనివాళ్ళనీ దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం. ఇంకో గదిలో హారియెట్ కూడా విడిగా తెరిస్తే ఆవిడకీ అదే వచ్చిందట. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి, ప్రాబబిలిటీ మీరే వేసుకోండి. నాకైతే ఆ యాదృచ్ఛికం కన్నా, ఆయన గదిలోకి పోవాల్సి రావడమే పెద్ద విషయం అనిపించింది. జవాబు తెలిసినవాడైతే వాకిట్లోనే చెప్పేసేవాడు కదా. ఆయనకి పెద్దవాళ్ళు కావాలి. కావాలనుకున్నది తప్పని లోపల తెలుసు. మాదిగల్ని చేర్చుకున్నాడు. బ్రాహ్మణ పిల్లలు బడి మానేశారు.

చేరినవాళ్ళకి ఆయన పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. కాగితం మీద మూడు లైన్లు. పల్లెలో మాత్రం బతుకంతా ఈ మూడింటి మీదే ఉంది. జాతరలో డప్పు కొట్టాల్సింది మాదిగలే. చచ్చిన గొడ్డుని ఎత్తుకుపోయేదీ, దాని తోలుతో చెప్పులూ కపిల బానలూ కుట్టేదీ వాళ్ళే. చాలా ఇళ్ళల్లో మాంసం అంటే అదే. డప్పు కొట్టమంటే, ఆదివారం రాము అంటే ఊళ్ళో రైతులు ఊరుకుంటారా? బావి దగ్గరికి రానివ్వలేదు, పనికి పిలవలేదు, కొట్టారు కూడా. ఆ మూడు నియమాల ఖరీదు దొర కట్టలేదు, వాళ్ళు కట్టారు. ఆదర్శం పెట్టేవాడు ఒకడు, దానికి కడుపు మాడ్చుకునేవాడు ఇంకొకడు. ఈ విషయంలో నాకు క్లౌ మీద కొంచెం కోపం ఉంది. అయినా వాళ్ళు వచ్చారు. కరువు ముందరికే 3 వేలు దాటారు.

అప్పుడు 1876లో వానలు పడలేదు. 1877లోనూ సరిగ్గా పడలేదు. మద్రాసు, మైసూరు, హైదరాబాదు, బొంబాయి అన్నిచోట్లా కరువే. తక్కువలో తక్కువ లెక్క వేసినా 50 లక్షల మంది పైనే పోయారు. ప్రభుత్వం పెట్టిన సహాయపు పనుల్లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మగవాడి కూలిని రోజుకి ఒక పౌను ధాన్యం దాకా తగ్గించాడు. ఒక పౌను అంటే అరకిలో కూడా కాదు. దాంతో రోజంతా మట్టి మోయాలి.

అప్పుడు తవ్వుతున్న వాటిలో బకింగ్‌హాం కాలవ ఒకటి. క్లౌ అందులో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నాడు. మా ఇంటి నుంచి మౌలాలి స్టేషన్ దాకా పోయినంత దూరం, దాదాపు. మిన్నెసోటా సర్వేయర్ ఇరవయ్యేళ్ళ తర్వాత మళ్ళీ కొలతలు బయటికి తీశాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కొక్కరి కింద వందమంది దాకా. మిగతా చోట్ల మేస్త్రీలు మాదిగల్ని తరిమేసేవాళ్ళు, కూలి ఎగ్గొట్టేవాళ్ళు. ఇక్కడ వేసిన కూలి వేసినట్టు చేతికొచ్చేది. ఆ మాట పల్లెపల్లెకీ పాకింది. ఎక్కడెక్కడి నుంచో నడుచుకుంటూ వచ్చారు, దారిలోనే పడిపోయినవాళ్ళూ ఉన్నారు. గుడిసెల మధ్య కలరా వచ్చింది. మధ్యాహ్నం గంప దించి కూర్చున్నప్పుడు పక్కనే మేస్త్రీ కూర్చుని యేసు కథ చెప్పేవాడు. విన్నవాళ్ళు మాకూ బాప్తిస్మం ఇవ్వమని అడిగారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆయన స్థానంలో కూర్చుని చూడండి. కూలి ఇచ్చేదీ తనే, దేవుడి మాట చెప్పేదీ తనే. అడిగేవాడి కడుపులో ఏముందో ఎలా తెలుస్తుంది? ఇంకోవైపు, వేలమంది తనంతట తానుగా వస్తున్నారు. ఒంటరి నక్షత్రానికి ఇంతకన్నా ఏం కావాలి? రాజకీయాల్లో పెద్దవాడు కావాలనుకున్న మనిషికి ఇంతకన్నా పెద్ద అంకె ఎక్కడ దొరుకుతుంది?

ఆయన గేటు మూసేశాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఎవ్వరికీ బాప్తిస్మం లేదన్నాడు. పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు.

మొదట చదివినప్పుడు నాకు ఇది గెలుపు పాయింటులా కనిపించింది. చూశావా, బియ్యం ఇచ్చి కలుపుకోవడం కాదు, బియ్యం ఇస్తున్నందుకే కలుపుకోలేదు అని. రెండోసారి చదివితే అంత తేలిగ్గా లేదు. బాప్తిస్మం లేకపోతే రక్షణ లేదని బాప్టిస్టులు అనరు, నిజమే. కానీ కలరాతో పడుకుని అడిగినవాడికి ఆ లాజిక్ ఏం ఓదార్పు? అడిగి, అందకుండానే పోయినవాళ్ళు అందులో కచ్చితంగా ఉండే ఉంటారు. వాళ్ళ నమ్మకం శుద్ధమో కాదో కొలవడానికి ఈ సర్వేయర్ దగ్గర గొలుసు లేదు. అందుకని అందరినీ ఆపాడు. నిజాయితీయే. అయితే తన మీద రేపు వచ్చే మాట గురించిన భయం అందులో ఎంత, దేవుడి పట్ల భయం ఎంత? ఆయనకైనా తెలుసంటారా?

1878లో వానలు పడ్డాయి, సాయం ముగిసింది. జూన్‌లో ఒంగోలుకి పది మైళ్ళ ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలుద్దామన్నాడు. వచ్చిన వేలమందికి ముందుగా చెప్పిన మాట, నా దగ్గర ఇంక డబ్బు లేదు, ఇళ్ళకి పొండి అని. వాళ్ళు మాకు డబ్బొద్దు, బాప్తిస్మమే కావాలన్నారు. కదల్లేదు. అప్పుడు ఒప్పుకున్నాడు. బోధకులు తమ తమ పల్లెలవాళ్ళని కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరినీ ప్రశ్నించి పేర్లు రాశారు. తెలిసినవాళ్ళని తెలిసినవాళ్ళే కొలిచారన్నమాట.

జూలై 2న 614 మంది. 3న 2,222 మంది. 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ మధ్య రోజు అంకె చూసి నేను కాలిక్యులేటర్ తీశాను. నీళ్ళల్లో ఒకేసారి ఇద్దరు బోధకులు, అలిసిపోతే ఇంకో ఇద్దరు, మొత్తం ఆరుగురు. పొద్దున కొంతసేపు, ఎండ తగ్గాక కొంతసేపు, కలిపి తొమ్మిది గంటలు. అంటే మనిషికి అరనిమిషం. పేరు పిలవడం, దిగడం, మునగడం, ఎక్కడం. ఆ ఆరుగురూ తెలుగువాళ్ళే. ఆ రోజు క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఒడ్డునే ఉండి ఏర్పాట్లు చూసుకున్నాడు.

ఆయన గురించి రాసినవాళ్ళు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం మొత్తం జీవితంలో ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. ఎప్పటినుంచో కోరుకున్న అంకె కళ్ళముందు నీళ్ళల్లో కదులుతుంటే, చెయ్యి పెట్టకుండా నిలబడటం ఏమంత సులువు కాదు.

అలాగని సాధువైపోలేదు. ఏడాది చివరికి 9,606 మంది అయ్యారు. ఆ అంకెలు అమెరికాలో మారుమోగాయి. అనుమానించినవాళ్ళూ ఉన్నారు, అన్నం కోసం వచ్చారని ఆనాడే అన్నారు. అంటే మా వాడి జోకుకి నూట నలభై ఏళ్ళ పైన వయసు. తర్వాత 1890 ప్రాంతంలో ఆయన అమెరికా వెళ్ళి అవే అంకెలు చూపించి 50 వేల డాలర్లూ, పాతికమంది కొత్త మిషనరీలూ కావాలని ఊరూరా తిరిగి అడిగి సాధించుకున్నాడు. ఒకప్పుడు అనుమానం పడకుండా కాపాడిన అంకె, ఇప్పుడు చందా పోస్టరయింది. అది తప్పా? ఆ డబ్బుతో బడులు వచ్చాయి, మా ఇంట్లో మొదట అక్షరం దిద్దినవాళ్ళు అలాంటి బడిలోనే దిద్దారు. కాబట్టి నేను తీర్పు చెప్పడానికి సరైనవాణ్ణి కాదు.

1893లో హారియెట్ పోయింది. తర్వాత ఆయన చేసుకున్న ఎమ్మా రౌషెన్‌బుష్ పెద్ద చదువు చదివిన మనిషి. మాదిగల గురించి 1899లోనే పుస్తకం రాసింది. క్లౌ చెప్పిన జీవితకథని కూడా ఆవిడే రాసి పెట్టింది, 1914లో అచ్చయింది. అప్పటికి ఆయన లేడు. 1910 నవంబరు 24న అమెరికాలో రోచెస్టర్‌లో పోయాడు, 74 ఏళ్ళు. ఆ పుస్తకంలో ఆయన ఒక సంగతి ఒప్పుకుంటాడు. అన్యుల్ని నరకం నుంచి తప్పించాలన్న వేడితో వచ్చానని, ఈ మనుషుల మధ్య ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నమ్మకం మెత్తబడిందని. పల్లె, కుటుంబం, కులపెద్ద వీటన్నిటితో కలిసే మనిషి వస్తాడు గానీ, ఒక్కొక్కణ్ణీ విడదీసి తూచలేమని ఆయనకి వాళ్ళే నేర్పారు.

ఇదంతా నాయనమ్మకి చదివి వినిపించాను. పదిహేను నెలల దగ్గర ఆపి, మా తాత తండ్రి అంతకాలం ఆగాడన్నమాట అంది. తర్వాత, ఆకలితోనే మునిగుంటే మాత్రం ఏం, ఆకలి వేసినప్పుడు కాకపోతే మనిషి దేవుడి దగ్గరికి ఇంకెప్పుడు పోతాడు అని కంచం కడగడానికి లేచింది. నేను అన్ని తేదీలు పోగేసింది ఆయన బియ్యం కోసం మునగలేదని నిరూపించడానికి. ఆవిడకి ఆ నిరూపణే అక్కర్లేదు.

రాత్రి మా వాడికి మెసేజ్ టైప్ చేశాను. మొదట అందులో 1866, మూడు వేలు, పదిహేను నెలలు, స్క్రీన్‌షాట్, అన్నీ పెట్టాను. బాగా పొడుగ్గా వచ్చింది. చదువుకుంటే మళ్ళీ ఆ క్యాంటీన్ హాయి తగిలింది. మొత్తం చెరిపేసి, మీ నాన్న గురించి నేను అలా అనకూడదు, సారీరా అని ఒక్క లైను ఉంచాను. పంపేముందు, తనూ సారీ చెబుతాడేమో అని ఎదురుచూస్తూ పంపుతున్నానా అని కూడా అనిపించింది. చూస్తున్నాననే అనుకుంటా. అయినా పంపాను.

బ్లూ టిక్కులు పడ్డాయి. రిప్లై ఇంకా రాలేదు. వచ్చే మొదటి ఆదివారానికి ఇంకా తొమ్మిది రోజులుంది.